పంపు బాగానే ఉంది

ఐవార్ పచ్చడి తిప్పే మనిషి గంగాళం వదిలి పోకూడదు. రాదోయ్‌కా అత్తగారి నాటి నుంచీ ఆ ఇంటి పట్టింపు అది. లావు ఎర్ర మిరపకాయలు కాల్చి, ఒలిచి, నూనెలో వేశాక, తెడ్డు మొదట ఎవరు పట్టుకుంటే చివరిదాకా వాళ్ళే తిప్పాలి. చేయి మారితే పచ్చడి చలికాలం దాటదని నమ్మకం. ఈ ఏడు తెడ్డు పందొమ్మిదేళ్ళ కూతురు నెవెనా పట్టింది. పట్టింది అనడం ఎందుకు, నలుగురూ చూసి మెచ్చుకోవాలని రాదోయ్‌కాయే పట్టించింది.

నెవెనాకు ఏడో ఏటి నుంచీ షుగరు. గొట్టంతో ఒంటికి తగిలించిన ఇన్సులిన్ పంపు ఏప్రన్ ముందు జేబులో ఉంది. చేతుల నిండా నూనె, మిరప రసం. పొద్దున ఏడింటి తర్వాత వేలు పొడిచి చూసుకున్నదే లేదు. పంపును కనిపెట్టుకుని ఉండే రిమోటు మాత్రం తల్లి దగ్గరుంది. అయిదు నిమిషాలకోసారి అది పంపును పలకరిస్తుంది: బ్యాటరీ ఉందా, మందు ఉందా, గొట్టం పూడలేదు కదా? పంపు బదులిస్తే పచ్చ దీపం వెలుగుతుంది. అది చూసినప్పుడల్లా రాదోయ్‌కా ప్రాణం కుదుటపడేది.

పదకొండింటికి నెవెనా నాలుగో చెంబు నీళ్ళు తాగింది.

"ఏమే, నుయ్యి మింగేస్తావా?" అంది పక్కింటి స్తానా, మిరపకాయలు ఒలుస్తూ.

"ఈ సెగ దగ్గర నువ్వు నిలబడు పిన్నీ, తెలుస్తుంది."

"కడుపుతో ఉండి తిప్పామే మేము! మాటలాపి తిప్పు, అడుగంటుతోంది."

ఒంటిగంటకు నెవెనా కంచె దాకా పోయి వాంతి చేసుకుంది.

"నా వల్ల కావట్లేదమ్మా. కాసేపు నువ్వు తిప్పవా?"

రాదోయ్‌కా రిమోటు చూసింది. పచ్చ దీపం.

"పంపు బాగానే ఉందే. పొగ పట్టింది నీకు. ఒక్క గంట ఓర్చుకో తల్లీ, ఇప్పుడు వదిలితే చేసిందంతా మట్టిపాలు."

ఎందుకైనా మంచిదని రిమోటులో ఒక మోతాదు నొక్కింది. ఎక్కిందని రిమోటు చూపించింది. రెండున్నరకు ఇంకొకటి నొక్కింది. అదీ ఎక్కింది. నెవెనా మాత్రం రొప్పుతోంది. ఊపిరిలో మగ్గిన పండు వాసన వస్తే ఆసుపత్రికి పరుగెత్తమని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. పెరడంతా కాల్చిన మిరపకాయల ఘాటు, అందులో ఇంకో వాసన ఎవరికి తెలుస్తుంది?

మూడు కాకముందే నెవెనా తెడ్డుతో సహా కూలబడింది.

అంబులెన్సులో వచ్చిన డాక్టరమ్మ నెత్తురు చుక్క తీసి చూసింది. మీటరు అంకె చూపలేదు, కొలతకు అందనంత ఎక్కువని మాత్రం చూపింది.

"ఇన్సులిన్ ఆపి ఎంతసేపైంది?"

"ఆపడమేంటమ్మా? క్షణం ఆగలేదు. ఇదిగో, మీరే చూడండి!"

డాక్టరమ్మ రిమోటు వంక చూడనేలేదు. ఏప్రన్ జేబులో చేయి పెట్టి, చురుక్కుమనగానే వెనక్కి తీసుకుంది.

"పంపు పోస్తూనే ఉంది. కానీ లోపల మందు వేడికి ఎప్పుడో చెడిపోయింది. ఆ సంగతి రిమోటుకు తెలియదు." సూది గుచ్చుతూనే అడిగింది, "మంట దగ్గర ఎప్పటి నుంచి ఉంది?"

"ఏడింటి నుంచి."

"ఇంత బాధలో ఒక్కసారైనా పక్కకు వస్తానని అనలేదా?"

స్తానా తల దించుకుంది. రాదోయ్‌కా కూతురి పాలిపోయిన పెదాలు చూసింది. అబద్ధం ఆడటానికి ఎవరూ అడ్డు లేరు.

"అంది," అంది రాదోయ్‌కా. "నేనే రానివ్వలేదు."