ఈతల దొడ్డి దగ్గర హీటరు

షెడ్డులో ఆ డీజిల్ హీటరు భేషుగ్గా పనిచేసింది. వెండెల్ కొంప ముంచింది అదే.

మూడు రోజులు ఒళ్ళు హూనం చేసుకున్నాడు దానికోసం. లోపల పడక ఉండే పాత క్యాంపర్ ట్రైలరుని ట్రాక్టరుతో షెడ్డులోకి నెట్టి, మంచం కింది అర ఖాళీ చేసి అందులో హీటరు కూర్చోబెట్టి, పొగగొట్టానికి నేలలో కన్నం పెట్టాడు. మొదటి కన్నం సరిగ్గా కింది ఇనుప దూలం నెత్తిన పడింది. రెండోది దూలాన్ని తప్పించుకుంది గాని గొట్టం దూరలేదు. మూడోది కుదిరింది. మిగతా రెంటికీ రేకు ముక్కలు కొట్టి, భార్య వెర్నా కంట పడకుండా పైన పాత గొంగళి పరిచాడు. హీటరుతో పాటు వచ్చిన పుస్తకం ఏ దేశంవాడు రాశాడో గాని అందులో మాటలు మనిషి మాటల్లా లేవు. "యంత్రము సంతోషింపని యెడల నూనె దారిని పరామర్శింపుము" అని ఉంది ఒకచోట. "నిన్ను పరామర్శించే తీరిక నాకు లేదు" అని దాన్ని పనిముట్ల పెట్టెలోకి విసిరేశాడు.

అన్నీ బిగించి మీట నొక్కితే హీటరు రెండు నిమిషాలు గురగురలాడి, ముసలి పిల్లిలా నెమ్మదించి, వెచ్చటి గాలి వదిలింది. వెండెల్ చొక్కా గుండీలు విప్పుకుని కూర్చున్నాడు. వెర్నాని పిలిచి చూపించాడు. ఆమె అరచెయ్యి గాలి దగ్గర పెట్టి చూసి, "సరే, ఇది దొడ్డి దగ్గర కూడా ఇలాగే ఉంటే నాకేం అభ్యంతరం లేదు" అంది.

ఆ "కూడా" అన్న మాట వెండెల్‌కి నచ్చలేదు.

సంగతేమిటంటే, వాళ్ళకి ఆ ఏడు ముప్ఫై ఒక్క తొలిచూలు పెయ్యలున్నాయి. వాటిని ఈనేవరకు ఇంటికి మూడు మైళ్ళ అవతల, గాలి దూరని పల్లంలో ఉన్న దొడ్డిలో ఉంచుతారు. తొలిచూలు పెయ్యకి ఏం జరుగుతోందో దానికే తెలీదు. నిలబడి ఈనుతుంది, మంచులో ఈనుతుంది, ఈని తన పనేమీ లేదన్నట్టు వెళ్ళిపోతుంది. రెండు గంటలకొకసారి మనిషి వెళ్ళి చూడాలి. నలభై ఏళ్ళుగా ఆ మనిషి వెండెల్. పికప్పు ముందు సీటులో కోటు కప్పుకుని పడుకుని, లేచి, చూసి, మళ్ళీ పడుకునేవాడు. పోయిన మార్చిలో ఎడమకాలి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. డాక్టరు తీసేశాడు.

"ఇంకొక్క రాత్రి ఆ బండిలో పడుకున్నావంటే, మిగతా ఎనిమిదీ నేనే తీస్తాను, డాక్టరుదాకా ఎందుకు" అంది వెర్నా. ఆమె ఊరికే అనే మనిషి కాదు. పొద్దు గూకేసరికి ట్రైలరు వెచ్చగా ఉంటే వెండెల్ కాపలా. లేకపోతే వెర్నా తమ్ముడు మెర్ల్ కాపలా. అదీ తీర్పు.

మెర్ల్ కాపలా అంటే వెండెల్‌కి కారం రాసినట్టుండేది. రెండేళ్ళ కిందట వెండెల్‌కి జ్వరం వచ్చి ఒక్క రాత్రి మెర్ల్‌కి అప్పగిస్తే, వాడు పొద్దున ఆరుకి ఆవలిస్తూ లేచాడు. అప్పటికి ఒక దూడ మంచులో కట్టెయి పోయింది. మెర్ల్ ఆ మాట ఒప్పుకున్నాడు, ఏడ్చాడు కూడా. అయినా వెండెల్ దాన్ని మర్చిపోలేదు, వాణ్ణి మర్చిపోనివ్వలేదు.

శుక్రవారం పొద్దున పదింటికి ట్రైలరుని దొడ్డి కంచె పక్కకి లాక్కొచ్చి నిలిపాడు. ఎండ ఉంది గాని పేరుకే. సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కిందకి పోతుందని రేడియోలో పొద్దుటినుంచీ మొత్తుకుంటున్నారు. పెయ్యలకి గడ్డి వేసి వచ్చి, రెండింటికి మీట నొక్కాడు. పంపు టిక్కు టిక్కు మంది. పొగగొట్టం లోంచి తెల్లటి పొగ కాస్త దగ్గింది. ఆగిపోయింది. గోడమీది చిన్న అద్దంలో "ఈ-పది" అని వెలిగింది, అంటే అంటుకోలేదని.

మళ్ళీ నొక్కాడు. టిక్కు టిక్కు. ఈ-పది.

"నీ ఈ-పదిని తగలెయ్య" అన్నాడు వెండెల్.

బ్యాటరీ చలికి నీరసించి ఉంటుందనుకున్నాడు. పికప్పుని దగ్గరికి తెచ్చి, బొటనవేలంత లావు తీగలతో రెంటినీ కలిపాడు. ఈ-పది. పొగగొట్టం ఎక్కడన్నా నలిగిందేమోనని ట్రైలరు కిందికి దూరాడు. మంచు మెడలోంచి వీపులోకి జారింది. గొట్టం చక్కగానే ఉంది. దాన్ని విప్పి, ఊది, మళ్ళీ బిగించాడు. చేతి తొడుగులు ఉంటే మరలు పట్టుకోలేడు, తీస్తే వేళ్ళు ఇనుముకి అతుక్కుంటున్నాయి. ఒక మర మంచులో పడింది. దానికోసం పావుగంట మోకాళ్ళమీద దేవులాడి, దొరక్క, కంచె లోంచి తీగముక్క తెంపి కట్టాడు. ఈ-పది.

నాలుగింటికి వెర్నా వచ్చింది. గిన్నె నిండా మాంసం, చిక్కుళ్ళు కలిపి ఉడికించిన చిల్లీ, దాంతో పాటు దాల్చినచెక్క చల్లిన తియ్యటి రొట్టెచుట్టలు, ఫ్లాస్కులో కాఫీ. వెనకే తన పాత డీజిల్ పికప్పులో మెర్ల్.

ట్రైలరు కింద రెండు బూట్లు కనిపిస్తే వెర్నా వాటితోనే మాట్లాడింది. "ఏమయ్యా, వెచ్చబడిందా?"

"వెచ్చబడుతోంది."

"ఎవరు? నువ్వా, ట్రైలరా?"

"వెర్నా, నన్ను పని చేసుకోనీ."

మెర్ల్ వంగి కిందికి చూశాడు. వాడికి నలభై ఎనిమిదేళ్ళు, మనిషి నిలువెత్తు గడ్డివాము. "బావా, పంపు కొట్టుకుంటోందా?"

"కొట్టుకుంటోంది."

"పొగ వస్తోందా?"

"కాస్త వచ్చి చస్తోంది."

"మరి డీజిల్ సంగతి చూశావా?"

వెండెల్ తల బయటికి పెట్టాడు. కనుబొమల మీద మంచు. "ఒరేయ్ మెర్ల్, నువ్వు నిక్కరు తొడగనప్పటినుంచీ నేను డీజిల్ పోస్తున్నాను. నువ్వు నాకు డీజిల్ చెప్పకు. పోయి పెయ్యల్ని చూడు. కళ్ళు తెరిచి చూడు, మూసుకుని కాదు."

"అబ్బో, వచ్చి అయిదు నిమిషాలు కాలేదు, అప్పుడే ఆ దూడ దగ్గరికి వెళ్ళిపోయాడు బావ" అన్నాడు మెర్ల్ అక్కతో. వెర్నా చిల్లీ వడ్డించింది, ముగ్గురూ నిలబడే తిని గిన్నె ఖాళీ చేశారు. మెర్ల్ కంచె దాటి పెయ్యల మధ్యకి పోయాడు.

వెండెల్‌కి మిగిలిన అనుమానం పంపు. పుస్తకం ప్రకారం దాని మూతి కాస్త పైకెత్తి ఉండాలట. ఎత్తాడు. ఈ-పది. ఇంకాస్త ఎత్తాడు. ఈ-పది. పొద్దు గుట్టల అంచుకి జానెడెత్తున ఉంది. ఆ జానెడూ తగ్గుతోంది. కాపలా పోతే ఆ సంవత్సరానికి తను ఎవడు? ఇంట్లో కూర్చుని కిటికీ లోంచి చూసేవాడు. నలభై ఏళ్ళలో ఏ పెయ్య ఏ మూల ఈనుతుందో, ఏది బెదురుతుందో, ఏది లేగని తంతుందో పేరుపేరునా తెలిసిన మనిషి, ఒక చిన్న ఇనుప పెట్టె వెలగనందుకు ఇంటికి పోవాలా?

"బావా!" మెర్ల్ అరిచాడు దొడ్డి లోంచి. "పద్నాలుగో నంబరు మూలకి పోయి తోకెత్తింది. ఉమ్మనీటి సంచి కనిపిస్తోంది."

"అది బెదురుగొడ్డు. గంట పడుతుంది దానికి. రెండు నిమిషాలాగు, వస్తున్నా."

ఆ రెండు నిమిషాల్లో పంపు దగ్గర గొట్టం ఊడబీకాడు. చుక్క డీజిల్ రాలేదు. గొట్టం నొక్కాడు. మూతి లోంచి తెల్లటి ముద్ద బయటికొచ్చి వేలిమీద నిలిచింది. పేరుకున్న నెయ్యిలా.

వెండెల్ దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

ఇంటి దగ్గర ఇనుప కాళ్ళమీద పెద్ద టాంకు ఉంటుంది. పొలం పనులకి పన్ను లేకుండా ఇచ్చే ఎర్ర డీజిల్ అందులో పోయించుకుంటారు. ఆగస్టులో కోతలకి నింపింది అందులో సగం ఇంకా ఉంది. ఎండాకాలపు డీజిల్ చలికి పేరుకుంటుందని అక్కడ పాలు తాగే పిల్లలకీ తెలుసు. వెండెల్ చలికాలంలో ట్రాక్టరులో దాన్ని పోసినప్పుడల్లా పేరుకోకుండా సీసాడు మందు కలుపుతాడు, ఒక్కరోజూ మర్చిపోడు. కాని హీటరుకి పోసేటప్పుడు చెయ్యి అలవాటుగా ఆ టాంకు కిందికే పోయింది, మందు మాత్రం గుర్తు రాలేదు. ట్రాక్టరుకి చలేస్తుంది, ఆవుకి చలేస్తుంది, మనిషికి చలేస్తుంది. చలి పోగొట్టే దానికి కూడా చలేస్తుందని ఎవడనుకుంటాడు? వెచ్చటి షెడ్డులో అది నీళ్ళలా పారింది. ఇక్కడ నాలుగు గంటలు చలిలో నిలబడి నెయ్యయి కూర్చుంది.

మూడు కన్నాలు, పోయిన మర, గీరుకుపోయిన వేళ్ళు, మెడలో మంచు, ఇవన్నీ ఒక ఎత్తు, ముందున్నది ఒక ఎత్తు. ఇప్పుడు బాగుచెయ్యడానికి, చలికి పేరుకోని చలికాలపు డీజిల్ ఉన్నది ఆ చుట్టుపక్కల ఒక్కచోటే. మెర్ల్ పికప్పులో. వాడు ఎప్పుడూ ఊళ్ళో బంకులోనే పోయించుకుంటాడు. "ఇంటి దగ్గర టాంకు పెట్టుకుని బంకుకి పోయేవాణ్ణి నిన్నే చూశాను" అని వెండెల్ పదేళ్ళుగా వాణ్ణి దెప్పుతూనే ఉన్నాడు.

అడగలేదు. రబ్బరు గొట్టం తీసుకుని మెర్ల్ పికప్పు టాంకులో దూర్చి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. మొదటిసారి గాలి వచ్చింది. రెండోసారి నోటినిండా డీజిల్. కక్కి, ఉమ్మి, దగ్గి, కళ్ళ నీళ్ళతో డబ్బా నింపాడు.

"బావా! రా బావా! గిట్టల అడుగులు పైకి చూస్తున్నాయి. వెనక కాళ్ళు ముందొస్తున్నాయి!"

వెండెల్‌కి ఆ మాట వినబడింది. దాని అర్థం అతనికి తెలిసినంత ఎవరికీ తెలీదు. వెనక కాళ్ళతో వచ్చే దూడని ఆలస్యం చేస్తే కడుపులోనే ఊపిరాడక పోతుంది. అయినా ఉమ్ముతూ, "దూడ కాళ్ళకి గొలుసులు వేసి లాగు! వస్తున్నా, ఒక్క నిమిషం!" అని అరిచి, పంపుని ఊడదీసి చొక్కాలోకి, చంకలోకి తోసుకున్నాడు కరగడానికి. ఇనుము చర్మానికి అంటుకుంటే ప్రాణం లేచిపోయినంత పనయింది. ఫ్లాస్కులో కాఫీ అంతా సన్న గొట్టం మీద పోశాడు. ముద్దకట్టిన ఎర్ర డీజిల్ ఎవరి కంటా పడకుండా ఖాళీ చిల్లీ గిన్నెలోకి వంచి, హీటరు టాంకులో కొత్తది పోసి, అన్నీ బిగించి మీట నొక్కాడు.

టిక్కు టిక్కు. తెల్ల పొగ. గురగుర. ఆగలేదు. గురగుర ఇంకా పెరిగింది. అద్దంలో ఈ-పది లేదు. మంచం కిందనుంచి వెచ్చటి గాలి మొహానికి తగిలింది.

"అంటుకుంది!" అని తలుపు తోసుకుని బయటికి దూకాడు. గుట్టల వెనక ఎర్రటి చారిక ఇంకా ఉంది. "వెర్నా! పొద్దింకా గూకలేదు, చూడు! అంటుకుంది!"

ఎవరూ అతనికేసి చూడలేదు. మెర్ల్ కోటు లేకుండా మోచేతులదాకా నెత్తురుతో, తడి దూడని రెండు చేతులమీద మోసుకుంటూ కంచె దగ్గరికి వస్తున్నాడు. వాడి కోటు దూడకి చుట్టి ఉంది. వెర్నా పక్కనే నడుస్తూ గడ్డిపోచతో దూడ ముక్కులో గెలుకుతోంది. దూడ తుమ్మింది.

"జరుగు బావా" అన్నాడు మెర్ల్. "తల్లి నాకింది గాని చెవులు గడ్డకడుతున్నాయి."

వెండెల్ జరిగాడు. దూడని ట్రైలరులో హీటరు గాలి ముందు పడుకోబెట్టారు. వెర్నా గొంగళి తీసి దానికి కప్పింది. కింద రెండు రేకుముక్కలు బయటపడ్డాయి. వాటికేసి ఒకసారి, వెండెల్‌కేసి ఒకసారి చూసింది.

"ఎంతసేపు లాగావు?" అన్నాడు వెండెల్ మెర్ల్‌తో. మాటతో పాటు డీజిల్ వాసన వచ్చింది.

"రెండు నిమిషాలు. దాని నొప్పితో పాటే లాగాను, నువ్వు చెప్పినట్టు."

"నడుం దాటాక కిందికి లాగావా?"

"లాగాను బావా."

వెండెల్‌కి తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"హీటరు వెలుగుతోందిగా, వెర్నా" అన్నాడు. "మాట మాటే. కాపలా నాదే."

వెర్నా చేతులు గడ్డితో తుడుచుకుంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే వెండెల్ తట్టుకునేవాడే. "వెలుగుతోంది. నేను కాదనను. కాని వాడు రెండుసార్లు పిలిచాడయ్యా. నువ్వు నలభై ఏళ్ళలో ఒక్క పిలుపుకైనా రాకుండా ఉన్నావా? ఈ రోజు పొద్దున్నించీ నువ్వు కాపలా కాసింది ఆ పెట్టెకి. నీ కాపలా రేపు. ఈ రాత్రి వాడు ఉంటాడు. పద, నోరు కడుక్కుందువు గాని."

"రేపు" అన్న మాట పట్టుకుని వేలాడదామనుకున్నాడు, కుదరలేదు. మెర్ల్ చలికి పళ్ళు టకటకలాడుతుంటే మంచం అంచున కూర్చుని బూట్లు విప్పుతున్నాడు.

"బూట్లు విప్పకురా, నిద్ర పట్టేస్తుంది."

"మేజోళ్ళు తడిశాయి బావా. నాకింకా పది వేళ్ళూ ఉన్నాయి."

"గడియారం చెవి దగ్గర పెట్టుకో. ఇరవై రెండో నంబరుదాని పొదుగు బిగిసింది, దాన్ని చూడు. నల్లదాని వెనకనుంచి పోకు, తంతుంది. దూడని గంటలో తల్లి దగ్గరికి చేర్చు, వాసన మర్చిపోతుంది. వింటున్నావా? ఆ హీటరు మీట మాత్రం ముట్టుకోకు. దాని సంగతి నీకు తెలీదు. ఒకవేళ ఈ-పది అని..."

"బావా" అన్నాడు మెర్ల్, తలుపు పిడి పట్టుకుని. "వేడంతా బయటికి పోతోంది."

తలుపు మూసుకుంది. లోపల హీటరు నెమ్మదిగా గురగురలాడుతోంది. వెర్నా అప్పటికే బండి స్టార్టు చేసింది.