కరివేపాకు ఒప్పుకోలేదు

అమెరికాలో, చాండ్లర్‌లోని హర్షిత్ ఇంటి పెరట్లో పెట్టిన కరివేపాకు కుండీ రోజూ తెల్లారేసరికి వీధి వైపు, రేణు కారు పక్కన నిలబడి ఉండేది. రేణు తల్లి రాధారాణి కాఫీ తాగి, దాన్ని మళ్లీ పెరట్లోకి మోసుకెళ్లేది. జాగింగ్ చేసేవాళ్లు కుండీ ఎదురొస్తే పక్కకి తప్పుకునేవాళ్లు.

ఆ మొక్క రేణుది. వచ్చే నెల హర్షిత్‌తో ఆమె పెళ్లి. అపార్ట్‌మెంట్ వదిలేసి తల్లితో ముందే ఈ ఇంటికి వచ్చేసింది. పెళ్లయ్యాక ఇంటి అప్పు ఈఎంఐలో సగం ఆమె జీతంలోంచి పోతుంది. ఇల్లు మాత్రం అతని పేరు మీదే ఉంటుంది.

"ప్రీనప్ రాసుకుందాం, ఏది ఎవరిదో పెళ్లికి ముందే," అంది రేణు, పప్పుకి తాలింపు వేస్తూ.

హర్షిత్ మొహం మాడ్చుకున్నాడు. "పెళ్లికి ముందే విడాకుల మాటా? ఇది మన ఇల్లే కదా."

పెరట్లో కుండీ గరగరా కదిలింది.

"ఎండ ఎక్కువైనట్టుంది ఆంటీ," అన్నాడు.

"ఎండయితే నీడకి పోతుంది బాబూ. ఇది కారు దగ్గరికి పోతోంది."

"సమానత్వం లేని ప్రేమ దయాదాక్షిణ్యమే హర్షిత్," అంది రేణు.

"మీటింగ్‌లోలా మాట్లాడకే, తాలింపు మాడుతోంది," అంది తల్లి.

పెళ్లికి ముహూర్తం నిమిషాలతో సహా వెతుకుతారు. పెళ్లయ్యాక ఏది ఎవరిదని అడిగితే మాత్రం అశుభం. కాగితం లేనిచోట బలమున్నవాడి మాటే చట్టమవుతుంది. దానికే నమ్మకమని పేరు పెట్టారు.

అప్పుడే కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి హర్షిత్ తమ్ముడు వినీత్ ఫోన్ చేశాడు.

"పెళ్లికొస్తే హోటల్ ఎందుకురా, మన ఇల్లుండగా," అన్నాడు హర్షిత్.

కుండీ కదల్లేదు.

ఫోన్ పెట్టేశాక రేణు స్టవ్ ఆపింది. "నాతో మన ఇల్లు అంటే కదిలింది. వినీత్‌తో అంటే కదల్లేదు. ఎందుకు?"

హర్షిత్ కుర్చీలో కూలబడ్డాడు. "డౌన్‌పేమెంట్‌లో సగం వాడిదే. ఇంట్లో సగం వాడిదేనని వాడికి మాటిచ్చాను. నీకు చెప్తే పెళ్లి వద్దంటావేమోనని భయమేసింది."

"చెప్పకపోయుంటే అనేదాన్నేమో."

ఆ వారమే ఇద్దరూ చెరో లాయర్‌ని పెట్టుకున్నారు. వినీత్ వాటా ఏది, రేణు కట్టేదానికి ఆమెకొచ్చే హక్కేది, పెళ్లికి ముందున్నవాటిలో ఏవి ఎవరివి, అన్నీ తేల్చి రాసుకున్నారు. రేణు పట్టుబట్టి కరివేపాకునీ తన పేరున రాయించింది. సంతకాలయ్యాక హర్షిత్ కారు ఎక్కుతూనే నిద్రపోయాడు. చాలా రోజులకి మొహం తేటపడింది. రేణు రేడియో తగ్గించి నెమ్మదిగా డ్రైవ్ చేసింది.

మర్నాడు రాధారాణి కాఫీ కప్పుతో బయటికొచ్చింది. కారు పక్కన ఏమీ లేదు. పెరట్లోకి వెళ్లి చూస్తే కుండీ పెట్టినచోటే ఉంది. దాని ముందు హర్షిత్ నిలబడి ఉన్నాడు.

"రేణూ," అని వంటింట్లో ఉన్న ఆమెని పిలిచాడు. "ఉప్మాలోకి నీ కరివేపాకు రెండు రెబ్బలు కోసుకోనా?"

రేణు జవాబిచ్చేలోపే కొమ్మ అతని చేతిదాకా వంగింది.