సదయ్య బావ కారు ఆగిన తీరు

డాట్ ఫోర్ తెమ్మని కొడుకు ప్రశాంత్ పంపితే, సదయ్య బావ చౌరస్తా దాకా పోయి నాలుగు చాట్ పొట్లాలు కట్టించుకొచ్చాడు. డాట్ ఫోర్ అనేది బ్రేకు ఆయిల్ రకం పేరు. బావ మాత్రం చట్నీ కారుతున్న పొట్లాలను బానెట్ మీద వరసగా పేర్చి, నాలుగే తెమ్మంటివి గద అన్నాడు. వాకిట్లో ఐదుగురం ఉన్నాం. పక్క క్వార్టర్ వాణ్ణి కాబట్టి నాకు చాట్ దక్కలేదు, చాటుగా నవ్వుకోవడం దక్కింది.

బావ ముప్పై రెండేళ్లు గనిలో హాలేజీ నడిపాడు. బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి గుంజే యంత్రం అది. దాని రొద ఆయన చెవులను పుచ్చుకుంది. నా మొగుడు మాట వినడని పోశవ్వక్క పాతికేళ్లుగా చెబుతూనే ఉంది. అసలు వినపడదని మాత్రం మొన్నమొన్ననే తేలింది.

రిటైరయ్యాక ఆయన చేతిలో మిగిలిన యంత్రం ఈ పాత కారొక్కటే. పోయిన వారం రైల్వే గేటు దగ్గర అది ఆగడం మానేసి ఆగడాలు మొదలుపెట్టింది. పెడల్ తొక్కితే మెత్తగా దిగిపోయింది, కారు గేటు గడకు జానెడు దూరంలో నిలిచింది. వెనక సీట్లో ఉన్న కూతురు మమత ఆ రోజే తేల్చేసింది, తప్పు నాయన కాలిదేనని. ఇవాళ పొద్దున పెద్దపల్లి నుంచి వచ్చి ఇంకో మాట కూడా చెప్పింది: సాయంత్రానికి పెడల్ గట్టిపడకపోతే తాళంచెవి తమ్ముడి చేతికి పోవాలి. బావ అంగీ జేబు మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

జ్యోతినగర్ కార్ల షెడ్డులో పనిచేసే ప్రశాంత్ కాలుదేం తప్పులేదన్నాడు. బ్రేకు ఆయిల్ గాలిలో తడిని పీలుస్తుందట. రెండేళ్లకోసారి మార్చకపోతే, ఆ తడి బ్రేకు వేడికి ఆవిరై బుడగలవుతుంది. బుడగలు నలుగుతాయే తప్ప చక్రాన్ని పట్టవు. మూత తీసి చూస్తే తేనెలా ఉండాల్సింది డికాక్షన్‌లా ఉంది. ద్రవం ముదిరి ఉపద్రవమైందన్నాను నేను. ఎవరూ నవ్వలేదు.

ప్రశాంత్ తానే పోయి సీలున్న సీసాలు తెచ్చాడు. పాతదాన్ని సిరంజితో లాగేసి కొత్తది పోశాడు. తర్వాతది ఇద్దరి పని. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి. రెండోవారు చక్రం వెనక చిన్న నట్టు వదులు చేసి, గొట్టంలోంచి పాత ఆయిల్ పోనిచ్చి, మళ్లీ బిగించాలి. అప్పుడే కాలు తీయాలి. నట్టు తెరిచి ఉండగా కాలు లేచిందా, గాలి లోపలికి దూరుతుంది.

కేకేస్తే బావకు వినపడదు. ఇనుము చప్పుడైతే కాళ్లలోంచి తెలుస్తుంది. అందుకని ప్రశాంత్ స్పానరుతో కొట్టి చూపించాడు. "రెండు కొడితే తొక్కు. ఒక్కటి కొడితే తియ్యి." బావ తలాడించాడు.

ముసురు పట్టిన మధ్యాహ్నం. దూరంగా ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు అయితే, నేల ఒకసారి గురకపెట్టి అటు ఒత్తిగిలినట్టయింది. బావ స్టీరింగు ముందు కళ్లు మూసుకున్నాడు. టంగ్ టంగ్. కాసేపటికి టంగ్. వాన తెర వెనక కాలనీ ఇళ్లు ఒక్కొక్కటే కరిగిపోతున్నాయి. కారు కదలకుండానే ఎక్కడికో దిగుతున్నట్టుంది, ఏటవాలుగా, చల్లటి చీకట్లోకి. బావ ముఖంలో, నెత్తిన గని దీపం పెట్టుకున్నవాడి శ్రద్ధ. నాకూ కన్ను మూతపడింది.

తెరిచేసరికి ఒక సీసా ఖాళీ. గొట్టం నిండా బుడగలే. పెడల్ మునుపటికంటే అధ్వాన్నంగా, తొక్కితే నేలకు తగులుతోంది. ప్రశాంత్ తల పట్టుకున్నాడు. మమత కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇయ్యి నాయనా. కాలు సహకరిస్తలేదు."

బావ ఆ చెయ్యిని చాలాసేపు చూశాడు. జేబులోంచి తీసి అరచేతిలో పెట్టబోతూ ఆగాడు.

"ఒక్కటి కొడితె తొక్కిన. రెండు కొడితె ఇడిచిన. ఒక్కసారన్న తప్పిన్నా?"

ప్రశాంత్ తండ్రి కాలు వైపు చూశాడు. స్పానరు తీసుకుని ఎడమవైపు వెనక చక్రం దగ్గర మళ్లీ కూర్చున్నాడు. ఈసారి ముందు ఒక్కటే కొట్టాడు.

గొట్టంలో బుడగలు టబ్బుల్లా వరసకట్టి వచ్చాయి. తర్వాత పలచబడ్డాయి. తర్వాత ఒక్కటీ లేదు. తేనె రంగు ధార మాత్రం మెల్లగా, నిద్రలో నడిచినట్టు, సీసాలోకి దిగుతూ ఉంది. నాలుగు చక్రాలూ అయ్యాక మమత ముందు సీట్లో కూర్చుని బలంగా తొక్కింది. పెడల్ రాయిలా నిలబడింది. నాయన చేతిలోని తాళంచెవి తీసుకుని ఇంజిను స్టార్టు చేసి, వాకిట్లో ముందుకూ వెనక్కూ నడిపి మరీ తొక్కింది. కారు ఎక్కడికక్కడ ఆగింది. దిగి, తాళంచెవిని తండ్రి అంగీ జేబులో తానే వేసింది.

పోశవ్వక్క అసలు ఏమైందని అడిగింది. ప్రశాంత్ చేతులు తుడుచుకుంటూ అందరికీ చెప్పాడు. గనిలో ఒక్క గంట కొడితే ఆపు, అంటే బ్రేకు తొక్కు. రెండు గంటలు కొడితే బ్రేకు వదిలి గుంజు. నాయన చెవి నా మాట ఒప్పుకుంది గాని, కాలు గని మాటే విన్నది. నేను నట్టు తెరిచినప్పుడల్లా ఆయన కాలు లేపాడు, గాలంతా లోపలికి గుంజుకుపోయింది.

బావకు ఇదేదీ వినపడలేదు. అందరూ తన కాలు వైపే చూస్తుంటే మళ్లీ ఏం తప్పయిందోనని చూశాడు. మమత ఆయన చెవి దగ్గర వంగి, మొత్తం మొదటినుంచీ చెప్పింది. విని ఆయన బిడ్డ వైపు తిరిగాడు.

"ఒక్క గంటకు ఇడుసుడా? గట్లయితె లోపట మనిషి మిగులుతడా, బిడ్డా?"