ఎవరి ఆకు వాళ్లే

ఆమోసుగాడి ఎంగిలాకు నా చేత ఎత్తించారు. వాడు మా మేనత్త హన్నా కొడుకు. పేటలో నాతోపాటు ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాడు. ఆ రోజు నేను చూస్తుండగానే చెయ్యి నాక్కుని పీట మీంచి లేచి పోయాడు. నేను గంప పట్టుకుని వంగి వాడి ఆకు మడిచాను. ఆకు నిండా నెయ్యి మరక. చివర గడ్డపెరుగు, అదీ మీగడతో. నా కడుపులో మంట లేచింది. ఆకలి మంట ఒకటి, ఇది వేరొకటి. దీని పేరు చెప్పటానికి నాకేం సిగ్గు లేదు. అసూయ.

జై ఆంధ్ర గొడవలు చల్లారి కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది ఇదంతా జరిగింది. గన్నవరం దాటి హనుమాన్ జంక్షన్ చేరకముందు రోడ్డు దిగి, కాలవ గట్టు వెంట నడిస్తే మా కాలేజీ. చిన్నది. చదివేవాళ్లంతా అక్కడే ఉండాలి, అక్కడే తినాలి. కట్టించింది కరస్పాండెంటు వెంకటకృష్ణారావు గారు. చుట్టూ మాగాణి ఆయనది, రైసు మిల్లు ఆయనది, మేం తినే అరిటాకులు వచ్చే తోట కూడా ఆయనదే. ఊళ్లో అందరూ ధర్మప్రభువు అనేవాళ్లు. ఆ ధర్మం ఎలా నడిచేదో చెబుతాను, వినండి.

భోజనాల హాల్లో రెండు బంతులు. ముందు కూర్చునే వరస ఫీజులు కట్టే రైతుల పిల్లలది. వాళ్లు లేచాక కూర్చునే రెండో బంతి, సర్కారు స్కాలర్‌షిప్పు మీద పేటల నుంచి వచ్చిన మాది. వాళ్ల ఎంగిలాకులు మేమే ఎత్తాలి, నేల మేమే తుడవాలి, ఆ తడి ఆరకముందే మేం కూర్చోవాలి. మాకు నెయ్యి లేదు. పెరుగు మజ్జిగయ్యేది, మజ్జిగ నీళ్లయ్యేది. అంతకుముందు ఆకులెత్తే పని ఆదెమ్మ చేసేది. ఆమెను మాన్పించి, "సేవ చేస్తే పిల్లలకు వినయం అలవడుతుంది" అన్నారు కరస్పాండెంటు గారు. వినయం మాకే అలవడాలిట. వాళ్లకు పుట్టుకతోనే వచ్చింది కాబోలు!

ఇంతవరకే అయితే మేం ఏనాడో తిరగబడేవాళ్లం. కాని ఆయన మామూలు మనిషా? రెండో బంతివాళ్లలో పరీక్షల్లో ఎవడు ముందొస్తే వాడికి మొదటి బంతిలో ఒక చోటు ఇచ్చాడు. తలుపు పక్కన, చిట్టచివరి పీట. మెరిట్ పీట అని దానికి పేరు. దాని మీద కూర్చున్నవాడికి నెయ్యి, గడ్డపెరుగు, ఆదివారం కోడికూర. వాడు గంప పట్టక్కర్లేదు. వాడి ఆకు కూడా మేమే ఎత్తాలి.

ఆ ఒక్క పీట మమ్మల్ని ఏం చేసిందో అడగండి. పక్కవాడు పుస్తకం తెరిస్తే మాకు ఒళ్లు మండేది. వాడికి జ్వరమొస్తే లోపల్లోపల సంతోషం. బాలశౌరి అని మాకంటే ఒక ఏడాది ముందున్నవాడు ఉండేవాడు. మంగళగిరి పిల్లాడు, వాళ్ల నాన్న హమాలీ. బెజవాడ మీటింగులకు పోయొచ్చి సంఘం, ఐక్యత, పోరాటం అంటూ మాకు ఉపన్యాసాలిచ్చేవాడు. పరీక్షలు దగ్గరపడగానే ఆ ఐక్యతావాది తన నోట్సులన్నీ ట్రంకు పెట్టెలో పడేసి తాళం వేసుకునేవాడు.

క్వార్టర్లీ పరీక్షల్లో ఆమోసు ముందొచ్చాడు. నేను వాడి వెనక, కాస్త తేడాలో. రెండు రోజులు వాడి ఆకు నేనే ఎత్తాను. వాడు కావాలనే ఎక్కువ వదిలేస్తున్నాడనీ, నాకు చూపించటానికే పెరుగులో వేళ్లు ఆడిస్తున్నాడనీ అనిపించేది. మూడో రోజు వాడు పీట మీంచి లేస్తూ తన ఆకు తనే మడిచి చేత్తో పట్టుకున్నాడు.

వార్డెను వెంకటసుబ్బారావు అడ్డం వచ్చాడు.

"ఏంటయ్యా ఆ పని?"

"నా ఎంగిలి నేనెత్తుకుంటున్నానండి."

"ఈ బంతిలో కూర్చున్నవాడు ఆకు ముట్టకూడదు. ఇవాళ నువ్వెత్తితే రేపు వీళ్లంతా ఎందుకెత్తరని అడుగుతారు. కింద పెట్టు."

"పెట్టనండి. ఆ గంప పట్టుకున్నవాడు మా మావయ్య కొడుకండి. వాడి చేత ఎత్తించుకుంటే నాకు తిన్నది ఇమడటం లేదండి."

వార్డెను ఆకు లాగి నేలకు కొట్టాడు. మెతుకులు నా కాళ్ల మీద పడ్డాయి. ఆమోసు వంగి, మెతుకులన్నీ ఏరి, ఆకులో వేసుకుని, బయటికి పోయి పారేసి వచ్చాడు.

మర్నాడు పొద్దున ప్రార్థన దగ్గరికి కరస్పాండెంటు గారే వచ్చి తీర్పు చెప్పారు. ఆమోసుకు పీట పోయింది. ఆదివారం మధ్యాహ్నం రెండు బంతుల ముందూ క్షమాపణ చెప్పి, ఆ పూట ఆకులన్నీ వాడొక్కడే ఎత్తాలి, మిగతావాళ్లు గంపలతో నిలబడి చూడాలి. కాదంటే టీసీ చేతిలో పెట్టి పంపించేస్తారు. "పీట ఖాళీగా ఉండకూడదు కదా! తర్వాతి మార్కులు జక్కయ్యవి. జక్కయ్య కూర్చుంటాడు" అన్నారు. జక్కయ్య అంటే నేనే.

టీసీ అంటే ఏంటో మీకు తెలుసు. మా పేటలో డిగ్రీ గడప తొక్కింది మేమిద్దరమే. హన్నత్త వీణ్ణి చదివించటానికి చిన్న కొడుకును పాలేరుకు పెట్టింది. వీడు తిరిగొస్తే అన్నదమ్ములిద్దరూ ఒకే కామందు దొడ్లో పేడ ఎత్తాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, పీట నాదనగానే నా గుండె గంతులేసింది.

ఆ సాయంత్రం కాలవ లాకుల దగ్గర రెండో బంతివాళ్లమంతా చేరాం. బాలశౌరే పిలిచాడు. పిలిచినవాడే ముందు విరుచుకుపడ్డాడు.

"ఒరే ఆమోసూ, నిన్నెవడు మొదలెట్టమన్నాడ్రా? నన్నొక్క మాట అడిగావా? సంఘం ఎందుకుంది మరి?"

"ఆకు ఎత్తుకోటానికి కూడా నిన్నడగాలా?" అన్నాడు ఆమోసు.

"అడగాలి! అన్నిటికీ ఒక పద్ధతుంటుంది!"

"వాడికి పద్ధతి దేనికిలే" అన్నాను నేను. "మార్కుల్లో పేరు వాడికే, త్యాగంలో పేరూ వాడికే. మనం గంపలు మోస్తూ ఉండాలి, వాణ్ణి చూసి చప్పట్లు కొట్టాలి."

"నీకేంట్రా, పీటెక్కావుగా! నెయ్యి కారుతోంది నీ మాటల్లో" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాకు తిక్క రేగింది. ఒకరి చొక్కా ఒకరం పట్టుకునేదాకా వచ్చింది.

ఆమోసు మధ్యలోకి వచ్చాడు. "జక్కిగా, పీట తీసుకో. నేను వద్దనను. నెయ్యి బాగానే ఉంటుంది. కాని ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా తలుపు దగ్గర మీ కళ్లు కనపడతాయి. అన్నం తింటున్నానో మీ చూపులు తింటున్నానో తెలిసేది కాదు నాకు. నేను క్షమాపణ చెప్పను. మీరేం చేస్తారో మీ ఇష్టం."

మీటింగు తిట్లతో మొదలై తిట్లతోనే ముగిసింది. తీర్మానం లేదు, పాడూ లేదు.

ఆదివారం వచ్చింది. నేను వెళ్లి పీట మీద కూర్చున్నాను. నా పక్కన హనుమయ్య. వాడు ఫీజు కట్టేవాడే కాని వాళ్ల నాన్న కరస్పాండెంటు గారి పొలమే కౌలుకు చేసేవాడు. "తిను. వాళ్ల వంక చూడకు" అన్నాడు నెమ్మదిగా. తిన్నాను. మానలేదు. కోడికూర బాగుంది, రెండోసారి వేయించుకున్నాను కూడా. పేదవాడు తిండి దగ్గర పౌరుషపడి ముద్ద నెట్టేశాడని రాసేవాళ్లకు ఆకలంటే ఏంటో తెలియదు.

తిని తలెత్తితే తలుపు దగ్గర మావాళ్లంతా గంపలు పట్టుకుని నిలబడి ఉన్నారు. బాలశౌరి నా ఆకు వంక చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. నాలుగు రోజుల కింద అది నా మొహం మీదున్నదే. ఆమోసును నేను అలాగే చూశాను. రేపు వీడు పీటెక్కితే వీణ్ణి ఇంకొకడు అలాగే చూస్తాడు. అప్పుడు నాకు ఎదురుగా కుర్చీలో, క్షమాపణ వినటానికి వచ్చి, కాలు మీద కాలేసుకుని నవ్వుతున్న కరస్పాండెంటు కనిపించాడు. నెయ్యి పోయించేవాడు ఆయన, పోయించకుండా ఆపేవాడు ఆయన, ఆదెమ్మ కూడు తీసింది ఆయన. మాలో ఒక్కడంటే ఒక్కడు కూడా ఆయన వంక కడుపుమంటతో చూడటం లేదు! బారులు బారులుగా పరిచిన ఆకులన్నీ వదిలేసి, ఇన్నాళ్లూ మేం తలుపు పక్కన ఒక్క ఆకు మీదే మండిపడ్డాం. నాకు ఎంత ఒళ్లు మండిందో చెప్పలేను.

"ఆమోసూ, రా" అన్నాడు వార్డెను. "చెప్పాల్సింది చెప్పి గంప పట్టు."

ఆమోసు కదల్లేదు. నేను లేచాను. నా ఆకు మడిచి చేత్తో పట్టుకున్నాను.

"జక్కయ్యా! ఆకు కింద పెట్టు!"

"పెట్టనండి. నా ఎంగిలి నేనెత్తుకున్నా. ఇక్కడ తిన్న ప్రతివాడూ ఎవడి ఆకు వాడే ఎత్తుకోవాలండి. ఒరే శౌరీ, గంప అవతల పడెయ్యి!"

బాలశౌరి నన్ను మింగేసేలా చూశాడు. "ఈ మాట నేననాల్సిందిరా" అన్నాడు పళ్లు కొరుకుతూ. అని గంపను ఒక్క తన్ను తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి కరస్పాండెంటు కుర్చీకి తగిలింది. మిగతా గంపలన్నీ దబదబా నేల మీద పడ్డాయి. అందరం బయటికి నడిచాం.

ఆకులు హాల్లోనే ఉండిపోయాయి. మధ్యాహ్నానికి ఈగలు, సాయంత్రానికి కుక్కలు. మొదటి బంతివాళ్లు రాత్రి భోజనానికి వచ్చి ముక్కులు మూసుకుని తలుపు దగ్గరే ఆగిపోయారు. తమ ఎంగిలే అయినా ముట్టుకోవటానికి ఒక్క చెయ్యీ లేవలేదు. వార్డెను ఆదెమ్మకు కబురంపాడు. ఆమె వచ్చింది, హాలంతా కలయజూసింది.

"నన్ను పొమ్మన్న రోజు ఈ ఆకులకు నేను గుర్తు రాలేదాండి? ఇప్పుడు వీటిని ఎత్తి ఈ పిల్లల నోరు కొట్టమంటారా? నా వల్ల కాదు" అని వెనక్కి తిరిగింది. మాకు ఆ పూట తిండి లేదు. ఆదెమ్మే వాళ్ల పేట నుంచి తపేలాల్లో గంజి మోయించుకొచ్చింది. గట్టు మీద కూర్చుని తాగాం. ఎవరికి ఎక్కువ పోసిందో, ఎవరికి తక్కువ పోసిందో అని ఒకరి గ్లాసులోకి ఒకరం తొంగిచూసుకుంటూనే తాగాం. అలవాటు ఒక్క పూటలో పోదు కదా.

తెల్లారాక హనుమయ్య ఒక్కడే హాల్లోకి వెళ్లాడు. తన ఆకు వెతికి, మడిచి, బయటికి తెచ్చాడు. "సిగ్గు లేదురా నీకు?" అని వాళ్లవాళ్లు అరిచారు. "తిన్నది నేనేగా" అన్నాడు వాడు. వాడి వెనక మరో ఇద్దరు వెళ్లారు. అది చూశాక కరస్పాండెంటు ఇక ఆగలేదు. పోలీసుల్ని పిలిపించాడు.

జీపు వచ్చింది. ఎస్సై దిగి లాఠీ ఊపుతూ, "ఎవడ్రా మీ లీడరు?" అన్నాడు.

బాలశౌరి గొంతు సవరించుకునేలోపే కరస్పాండెంటు ఆమోసును వేలెత్తి చూపించాడు. "వాడండి. వాడి పొగరే ఇంతకు తెచ్చింది." టీసీ తీసి వాడి జేబులో కుక్కాడు. కానిస్టేబులు వాడి మెడ పట్టి జీపులోకి తోశాడు. ఆమోసు పెనుగులాడలేదు. చొక్కా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. మావాళ్లంతా వాణ్ణి గుడ్లప్పగించి చూస్తున్నారు.

నాకు మళ్లీ కడుపు మండింది. మార్కుల్లో వాడే ముందు, ఆకు ఎత్తటంలో వాడే ముందు, ఇప్పుడు జైలుకు కూడా వాడే ముందా?

"ఎస్సై గారూ, వాడు ఎత్తింది ఒక్క ఆకేనండి! గంపలు పడెయ్యమన్నది నేను. లీడర్ని నేనండి" అని జీపెక్కాను.

"అబద్ధమండి!" అని అరిచాడు బాలశౌరి. "గంప తన్నింది నేను! వీడికి సరిగ్గా నినాదం కూడా ఇవ్వటం రాదు!" వాడూ ఎక్కాడు.

అంతే. "నేనూ తన్నా", "నేనూ పడేశా" అని ఒకణ్ణొకడు తోసుకుంటూ అందరూ జీపు మీద పడ్డారు. లోపల, బానెట్టు మీద, వెనక తలుపుకు వేలాడుతూ. చివర హనుమయ్య వచ్చి చక్రం మీద కాలు పెట్టాడు.

"హనుమయ్యా! నీకెందుకురా? మీ నాన్న కౌలు ఎవరిదో గుర్తుందా?" అన్నాడు కరస్పాండెంటు.

"ఉందండి. అందుకే ఎక్కుతున్నా."

"ఆమోసుకు టీసీ ఇస్తే మా అందరికీ ఇవ్వండి!" అని జీపులోంచి ఒకే కేక లేచింది. అందరికీ ఇస్తే మా మీద వచ్చే సర్కారు డబ్బు పోయి కాలేజీకి తాళం వేసుకోవాలి. ఆ సంగతి ఆయన మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"సార్, బండి కదలదండి" అన్నాడు డ్రైవరు.

ఎస్సై మొహం కందగడ్డయింది. "దిగండ్రా! అరెస్టు కావటానిక్కూడా పోటీ ఏంట్రా మీకు?"

"అవునండి" అన్నాను. "వాళ్లు పెట్టిన పోటీల్లో ఇన్నాళ్లూ ఒకణ్ణొకడు తొక్కుకున్నాం. ఇది మేం పెట్టుకున్న పోటీ."

లాఠీ లేచింది. మొదటి దెబ్బ నాకే పడింది, ఆమోసుకు కాదు. తర్వాత ఎవరికీ తక్కువ కాలేదు. ఒక్కడూ జీపు దిగలేదు.