కుట్టకూడని గాయం

యుద్ధంలో సిపాయి ఏమోస్ క్లెగ్ తొడ చీలి మోకాలి దాకా తెరుచుకుంది. అందులో గుండు ముక్కలతో పాటు ఫ్రాన్సు పొలాల మట్టి, పేడ ఎరువు. డాక్టర్ హెస్టర్ ఫెన్విక్ చచ్చిన కండ కోసేసి, గాయాన్ని కుట్టకుండా వదిలింది. ఇలాంటివి మూసేస్తే లోపల కుళ్ళుతాయని ముగ్గురిని పూడ్చిపెట్టాక ఆమెకు తెలిసొచ్చింది.

"కాలు దక్కుతుందా డాక్టరమ్మా? ఊళ్ళో నేను పోస్టుమాన్ని. కాలు లేకపోతే ఉత్తరాలు దొర్లుకుంటూ పంచాలా?"

"దొర్లనివ్వనులే. నీ కాలికి పూచీ నాది."

మర్నాడే సైనిక వైద్యుడైన కర్నల్ తనిఖీకి దిగాడు. ఆ ఆసుపత్రిలో కత్తి పట్టేవాళ్ళ నుంచి అంబులెన్సు తోలేవాళ్ళ దాకా అందరూ ఆడవాళ్ళే. మీసాలున్నవాళ్ళకే వైద్యం వస్తుందని నమ్మే సైన్యం, నెల గడువిచ్చి చూస్తోంది. హెస్టర్‌కు సైనిక హోదా ఇవ్వలేదు కనుక ఎదురు చెప్పే హక్కూ లేదు.

కర్నల్ గాయంలోకి తొంగిచూసి మూతి ముడిచాడు. "ఇదేమిటమ్మా, ఇలా నోరు తెరుచుకునుంది? ఆడవాళ్ళయ్యుండి సూదీ దారం కూడా చేతకాదా?"

వెనకున్న అధికారులు పకపకా నవ్వారు.

"కుడితే కుళ్ళుతుందండీ. ఒక్క వారం ఆగితే..."

"ముప్పయ్యేళ్ళుగా కుడుతున్నాను. నాకే పాఠాలా? ఇప్పుడే నా కళ్ళముందు కుట్టు. లేదంటే సాయంత్రానికల్లా ఈ రెండొందల మంచాలూ ఖాళీ చేయిస్తాను."

హెస్టర్ అడకత్తెరలో పోకచెక్క అయింది. మంచాల వంక చూసింది, క్లెగ్ వంక చూసింది.

"మీరే కుట్టండి డాక్టరమ్మా, ఆ ముసలాయన చేతికి మాత్రం ఇవ్వకండి," అన్నాడు క్లెగ్ గొంతు తగ్గించి. అతను ఇంకా ఆమెనే నమ్ముతున్నాడు.

కుట్టింది. చేతులు వణకనందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. కర్నల్ దగ్గరికొచ్చి చూసి, చక్కగా ఉందని మెచ్చుకున్నాడు.

రెండోనాటికి కాలు ఉబ్బి నల్లబడింది. నొక్కితే చర్మం కింద గాలి చిటపటలాడింది. కుట్లు విప్పినా లాభం లేకపోయింది. మూడోనాడు కాలిని తొడ మొదలంటా తీసేసింది, అదీ తన చేత్తోనే.

వారం తర్వాత కర్నల్ నివేదిక వచ్చింది. "కుట్టుపని అమోఘం. ఈ స్త్రీలను కొనసాగించవచ్చు." నర్సులు చప్పట్లు కొట్టి ఒకరినొకరు కావలించుకున్నారు.

"మంచి కబురా డాక్టరమ్మా?" మంచం మీంచి క్లెగ్ అడిగాడు.

"ఆసుపత్రిని ఉండనిస్తారట."

క్లెగ్ కాసేపు దుప్పటి కింద కాలు లేని చోటు తడుముకున్నాడు.

"అయితే నా కాలికి మంచి ధరే పలికింది," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.