మబ్బుచాటు అరుంధతి

కైలాసం రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాడు. నూలు తెగిందో లేదో తెలియడానికి బొటనవేలు చాలు. అదే మేలైంది. కళ్ళకు పొర కమ్మి ఏడాదైనా, ఇంట్లో చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

నిజాం కాలంలో సుల్తానాబాద్ విడిచి హైదరాబాద్ నక్షత్రాల ఆఫీసులో నౌకరీకి పోయి, ఆంధ్రప్రదేశ్ వచ్చాక ఇల్లు చేరిన మనిషి. అక్కడ ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా గాజుపలకల మీద ఫోటోలు తీసేవారు. పలక మీద చుక్కలు నల్లగా పడేవి. చుక్క లావును బట్టి దాని వెలుగు రాసుకోవాలి. ఆర్నెల్ల తేడాతో తీసిన రెండు పలకలు పక్కపక్కన పెట్టి, వెంట్రుకవాసి జరిగింది దగ్గరి చుక్క అని, జరగనిది దూరపుదని తేల్చాలి. పొద్దంతా భూతద్దంలో తల దూర్చేవాడికి రాత్రి తల పైకెత్తే ఓపిక ఎక్కడిది? గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ వేళ్ళకు గాజు చల్లగా తగిలినట్టుంటుంది.

భార్య అనసూర్యకు మాత్రం ఆకాశంలో ఉన్నది ఒకటే చుక్క. పెళ్ళినాడు అయ్యగారు మిట్టమధ్యాహ్నం అరుంధతిని చూపమంటే కైలాసం ఎండలోకి వేలు చూపాడు, ఆమె బుద్ధిగా తలూపింది. అరుంధతి కానరానివాళ్ళు ఆర్నెల్లకు మించి బతకరని ఆమె నమ్మకం. ఆమెను కన్న బాపు అట్లాగే పోయాడు. అందుకే ఎండకాలం వాకిట్లో మంచాలు వేయగానే రోజూ అదే ప్రశ్న.

ఆ రాత్రీ అడిగింది.

"అరుంధతి కనవడ్తుందా?"

కైలాసం ఉత్తరానికి తిరిగాడు. వేళా దిక్కూ కంఠతా వచ్చు. కళ్ళముందు మాత్రం బూడిదరంగు.

"కనవడకేం? గదుగో, ఏడు చుక్కల తోక కాడ. జర చిన్నగున్నది. నీకు కనవడ్తలేదా?"

అనసూర్య తలెత్తింది. ఆకాశమంతా మబ్బు కమ్ముకుని ఉంది. ఒక్క చుక్క లేదు. ఆయనకు ఆ మబ్బు కూడా కనిపించడం లేదని అప్పుడర్థమైంది.

"కనవడ్తుంది" అన్నది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఫికర్ లేదు. ఇగ పండుకో."

కైలాసం పండుకున్నాడు. తెల్లవారి చాయ తెచ్చి పిలిస్తే పలకలేదు.

దినాలయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. ఆ రాత్రి మబ్బు లేదు. అనసూర్య వాకిట్లో పడుకుని ఉత్తరానికి చూసింది. అరుంధతి కనిపించింది, పెద్ద చుక్కను ఆనుకుని, ఎంత నులుముకున్నా కళ్ళలోంచి పోకుండా. కనిపించకపోతే ఎంత బాగుండునని ఏడ్చింది. పోయినవాడి మంచం ఎవరికైనా ఇచ్చేయమని అందరూ చెప్పినా ఆమె వినలేదు. అది పక్కనే ఉంది, ఆయన నడుము ఆనినచోట నులక గుంటపడి.