ఏడో గుంత దగ్గరి మూత

నేను ఒక బీరు సీసా మూతను. నా జాతిలో ఆత్మకథ చెప్పుకునేంత జీవితం ఎవరికీ ఉండదు. పుట్టడానికి ఒక క్షణం, సీసా మీద కూర్చోవడానికి ఒక క్షణం, ఊడి రావడానికి ఒక క్షణం. వాటి నడుమ గిడ్డంగి చీకట్లో కొన్ని వారాల కాలక్షేపం. నాకు ఇంతకంటే కొంత ఎక్కువ దక్కింది. అది నా గొప్పతనం వల్ల కాదు. ఒక మనిషి జేబులో ఆ రోజు ఉండవలసిన వస్తువు లేకపోవడం వల్ల.

పలుచని ఉక్కు రేకు నుంచి ఒక అచ్చుయంత్రం నన్ను కత్తిరించి, అంచును ఇరవై ఒక్క పళ్లుగా మడిచింది. ఇరవై ఒకటి అనగానే అందులో ఏదో మహత్తు వెతకబోయే మనుషులుంటారు కనుక చెబుతున్నాను: పళ్లు తగ్గితే వాయువు కారిపోతుంది, పెరిగితే మూత తీయడం కష్టమవుతుంది. ఎవరో ఓపికగా పరీక్షించి తేల్చిన లెక్క అది. తర్వాత నన్ను నిండు సీసా మీద బిగించారు. లోపలి వాయువు రాత్రింబవళ్లు నన్ను పైకి నెట్టింది, నేను రాత్రింబవళ్లు కిందికి పట్టుకున్నాను. ఆ అలసట నన్ను ఇప్పటికీ వదలలేదు.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రం కనిపించేలా మేడమీద బల్లలు వేసిన ఒక భోజనశాలలో నా మూడో క్షణం వచ్చింది. వడ్డించే మనిషి నన్ను ఊడదీసి బల్ల మీద పడేశాడు. ఎదురుగా కూర్చున్న దాడి పోలినాయుడు నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ఓడల కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు గొట్టాల అమరిక గీసి, ఆరేళ్ల కిందట పదవీ విరమణ చేసిన ఇంజనీరు. ఏ గొట్టంలో ఎంత నీరు, ఏ మలుపులో ఎంత నష్టం అన్నది ఆయనకు నిద్రలో కూడా తెలుసు. ఇప్పుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయనను ఎవరూ ఏమీ అడగరు. శనివారం మధ్యాహ్నం బయట భోజనం, రెండు బీర్లు. ఆదివారం తెల్లవారగానే ఊరి చివర కొండవాలులో ఉన్న తొమ్మిది గుంతల మైదానంలో గోల్ఫు. వారంలో ఆయన మనిషిగా బతికేది ఆ రెండు రోజులే.

గోల్ఫులో గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక ఉంటుంది. అక్కడ ఒకరి బంతి మరొకరి దారికి అడ్డమైతే, బంతిని తీసి, దాని వెనుక చిన్న బిళ్లను గుర్తుగా ఉంచాలి. నాయుడు బిళ్ల పోయింది. ఆయన నన్ను ఇంటికి తీసుకెళ్లి, సన్నికల్లు మీద పెట్టి పొత్రంతో చదును చేశాడు. మరునాడు నన్ను గుర్తుగా ఉంచి కొట్టిన బంతి ఇరవై అడుగుల దూరం దొర్లి గుంతలో పడింది. అంతటితో నేను అదృష్టపు మూతనయ్యాను.

దీన్ని ఒప్పుకోనివాడు ఆయన మిత్రుడు మొల్లేటి కామేశ్వరం. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి విరమించినవాడు. తిరునాళ్లలో నిప్పుల మీద నడిచి, కాలు ఎందుకు కాలదో పామరులకు వివరించినవాడు. ఆయన ఒక చిన్న పుస్తకంలో మూడు నెలలు లెక్క రాశాడు.

"ఒరే నాయుడూ, మూత రాకముందు నీ బంతి పదిసార్లలో నాలుగుసార్లు పడేది. మూత వచ్చాక కూడా పదిలో నాలుగే."

"ఆ నాలుగూ ఇప్పుడు దీనివల్లే పడుతున్నాయేమో. నీకేం తెలుసు?"

కామేశ్వరం పుస్తకం మూసి బీరు పోసుకున్నాడు. నేను మనసులో ఆయన పక్షమే. లోహానికి అదృష్టం ఉండదు, బరువూ ఉష్ణోగ్రతా ఉంటాయి.

నా నివాసం నాయుడు చొక్కా ఎడమ జేబు. అక్కడ ఉన్నవాడికి ఇష్టం ఉన్నా లేకున్నా ఒక చప్పుడు వినిపిస్తుంది. మొదటి నెలల్లో అది గడియారంలా నడిచింది. చలికాలం ముగిసేసరికి మారింది. ఎత్తు ఎక్కేటప్పుడు తడబడేది, జేబు గుడ్డ చల్లటి చెమటతో తడిసేది. ఆ ఉప్పుకు నా పళ్లు తుప్పు పట్టసాగాయి. నడక ఆగితే చప్పుడు కుదుటపడేది. ఆ మనిషికి వైద్యం కావాలని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేని స్థితి సీసా మీద కూర్చోవడం కంటే బరువైనది.

నేను చెప్పదలచిన శని, ఆదివారాలు మార్చి నెలలో వచ్చాయి. శనివారం ఇద్దరూ అదే భోజనశాల మెట్లు ఎక్కారు. ఇరవై రెండో మెట్టు దగ్గర నాయుడు పక్కనున్న కమ్మీ పట్టుకుని నిలబడి సముద్రం వైపు చూశాడు. అక్కడినుంచి కనిపించేది నీళ్ల ట్యాంకు మాత్రమే.

"ఏమైంది?" అన్నాడు కామేశ్వరం.

"ఛాతీలో పట్టేసినట్టుంది. ఈ మధ్య అప్పుడప్పుడూ వస్తోంది."

"పొద్దున ఏం తిన్నావు?"

"రెండు గారెలు."

"అదీ సంగతి. గ్యాసు. మినప్పప్పు పులిస్తే జరిగేదే. సోడా తాగు, తేనుపు వస్తే పోతుంది."

నిప్పుల మీద నడకను పరీక్షించకుండా నమ్మని ఆ మనిషి, గ్యాసును పరీక్షించకుండా నమ్మాడు. ఈ ప్రాంతంలో గుండెకూ బొడ్డుకూ మధ్య ఎక్కడ నొప్పి వచ్చినా దాని పేరు గ్యాసే. పేరు దొరకగానే కారణం దొరికినంత నిశ్చింత. ఇద్దరూ రొయ్యల వేపుడూ వంజరం చేప ఇగురూ తిన్నారు, రెండేసి బీర్లు తాగారు. నాయుడు తేన్చాడు. కామేశ్వరం తల పంకించాడు, సిద్ధాంతం రుజువైనట్టు.

రెండో బీరు సగంలో నాయుడు అసలు మాట అన్నాడు.

"ఒకసారి చూపించుకుంటే పోలా అని ఉంటుందిరా. కానీ ఆసుపత్రి గుమ్మం ఎక్కితే ఏం చెబుతారో తెలుసుగా. మెట్లు ఎక్కొద్దు, ఎండలో తిరగొద్దు, బీరు తాగొద్దు. ఇక నాకేం మిగులుతుంది? సోమవారాలు మిగులుతాయి."

"గ్యాసుకి ఆసుపత్రేమిట్రా," అన్నాడు కామేశ్వరం. అది స్నేహంతోనే అన్నాడు.

ఆదివారం ఉదయం ఆరు గంటలకు ఆట మొదలైంది. ఇద్దరి సంచులనూ చక్రాల బండి మీద వేసుకుని తోసేవాడు తాతబాబు. యాభై దాటినవాడు, ఆ కొండ కింద ఊరివాడు, ఇరవై ఏళ్లుగా అక్కడ క్యాడీ. మాట తక్కువ. బంతి ఎక్కడ పడిందో చూసి అటు నడుస్తాడు, మిగతావాళ్లు అతని వెనుక నడుస్తారు.

ఏడో గుంత మైదానంలోకెల్లా ఎత్తైన చోట ఉంది. ఆ మెట్ట ఎక్కుతూ నాయుడు రెండుసార్లు వంగి బూటు తాడు కట్టుకున్నాడు. జేబులో నా చుట్టూ గుడ్డ తడిసిపోయింది. పచ్చిక మీదికి చేరాక, ఆయన బంతి గుంతకు నాలుగడుగుల దూరంలో ఉంది; కామేశ్వరం బంతికి అడ్డంగా ఉంది. నాయుడు నన్ను తీసి, వంగి, బంతి వెనుక ఉంచాడు. బంతి తీసుకున్నాడు గాని లేవలేదు. అలాగే పచ్చిక మీద కూర్చుండిపోయాడు. ముఖం సున్నం రంగుకు తిరిగింది. ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకున్నాడు.

"నిన్నటి రొయ్యలు," అన్నాడు కామేశ్వరం. కాని గొంతులో నిన్నటి నిబ్బరం లేదు. "తాతబాబూ, క్లబ్బులో సోడా ఉంటుంది, పట్టుకురా."

తాతబాబు కదలలేదు.

"గ్యాసు కాదండి బాబూ ఇది."

"నువ్వు డాక్టరువా?"

"కానండి. బంతి ఎటెల్లిందో సూసి సెప్పీవోణ్ణి. సూడ్డవే నా పని." అతడు నాయుడు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నాలుగు వారాల నించీ సూస్తన్నాను. సదునుగా ఉన్నకాడ మీరు బాగానే నడుస్తన్నారు. మెట్ట ఎక్కితే ఆగిపోతన్నారు. నిలబడితే నిమ్మళిస్తంది. ఏవీ తినకుండా వచ్చిన రోజూ అంతే. గ్యాసుకి ఎత్తూ పల్లం తెలుస్తాయేటండి?"

నాయుడు తల ఎత్తి అతని వైపు చూశాడు.

"మొదటివారం ఒక్కసారి ఆగారు. ఈయేళ నాలుగుసార్లు. ఆగినప్పుడల్లా బూటు తాడు కట్టుకుంటన్నారు. ఆ తాడు ఊడలేదు బాబూ. నాను సూసేను."

నాయుడు తన బూట్ల వైపు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా, ఎవరితోనో పాత కర్మాగారంలో మాట్లాడుతున్నట్టు అన్నాడు:

"ఎక్కితేనే. అంటే ప్రవాహం ఎక్కువ కావలసినప్పుడే. గొట్టం ఇరుకైతే మామూలు నీటికి తెలియదు. ఒత్తిడి పెంచినప్పుడు బయటపడుతుంది." ఆయన కామేశ్వరం వైపు చూశాడు. "మనిద్దరికీ తట్టలేదేమిరా ఇది?"

కామేశ్వరం పుస్తకంలో మూత లెక్కలు మూడు నెలలవి ఉన్నాయి. మనిషి లెక్క ఒక్కటీ లేదు.

నొప్పి కాస్త సర్దుకోగానే నాయుడు చేయి చాచాడు. "ఆ కర్ర ఇలా ఇవ్వు. నాలుగడుగులే. ఇది కొట్టేసి పోదాం."

"ఇవ్వనండి."

"తాతబాబూ."

"నొప్పి లేదని నా ముకం సూసి సెప్పండి, ఇస్తాను."

క్యాడీ కర్ర ఇవ్వననడం ఆ మైదానంలో అంతకుముందు ఎవరూ విని ఉండరు. ఉద్యోగం పోయేంత మాట. అతని చేయి బండి మీద బిగుసుకుని ఉండటం నేను కింది నుంచి చూశాను. నాయుడు అతని ముఖంలోకి చూశాడు. చెప్పలేకపోయాడు.

"సరే," అన్నాడు చివరకు. "ఆ మూత మాత్రం తీయకండి."

బ్యాటరీ బండి తెప్పించి ఆయనను కిందికి తీసుకుపోయారు. నేను పచ్చిక మీద ఉండిపోయాను, ఆగిపోయిన ఒక ఆటకు గుర్తుగా.

సోమవారం మైదానానికి సెలవు. గడ్డి కోసే యంత్రం వచ్చింది. దాన్ని నడిపేవాడు వంగి నన్ను తీయబోతే, వెనుక నుంచి తాతబాబు గొంతు వినిపించింది. "ఉండనీ బావా. కోసినంతసేపు నాను పట్టుకుంటాను." అలా ఆ రోజు తీసి పెట్టాడు, మరునాడు తీసి పెట్టాడు. బుధవారం గుంతనే మార్చారు. గడ్డి ఒకేచోట అరిగిపోకుండా పాత గుంత పూడ్చి, పది గజాల అవతల కొత్తది తవ్వడం అక్కడి పద్ధతి. ఇక నేను సూచిస్తున్న నాలుగడుగుల దూరానికి అవతలి కొస లేదు. లేని గుంతకు నేను గుర్తునన్న సంగతి నాకు తెలుసు, తాతబాబుకూ తెలుసు. అయినా అతడు నన్ను తీయలేదు.

శుక్రవారం గడ్డి కోసేవాడు అడిగితే అతడు చెప్పాడు. "మూడు రగతనాళాలు పూడుకుపోనాయట. నిన్న కోసి బాగుసేసీసేరు. ఇంకో ఆదోరం ఇక్కడికి ఎక్కుంటే, దిగీవోడు కాడన్నాడట డాకట్రు." చెప్పి, నన్ను తీసి, చొక్కా అంచుతో తుడిచి జేబులో వేసుకున్నాడు. ఆ జేబులో చప్పుడు గడియారంలా నడుస్తోంది. నాకు చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

మూడు నెలలకు నాయుడు క్లబ్బుకు వచ్చాడు. వైద్యులు నడవమన్నారు, మెల్లగా ఆడమని కూడా అన్నారు. ఆయన భయపడినదేదీ జరగలేదు, బీరు తప్ప. తాతబాబు నన్ను ఆయన చేతికి ఇచ్చాడు. ఆ సాయంత్రం సభ్యులంతా ఆయన కోసం విందు చేశారు. నాయుడు లేచి నన్ను వేళ్ల మధ్య ఎత్తి చూపించాడు.

"దీన్ని పెట్టడానికి వంగాను కాబట్టి ఆ రోజు కూలబడ్డాను. వంగకపోతే ఎనిమిదో గుంతకు నడిచేవాణ్ణి. అక్కడే పోయేవాణ్ణి. ఈ మూతే నన్ను బతికించింది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన అబద్ధం ఆడలేదు. మూడు నెలలు ఇంటిపట్టున ఉండి ఆ ఉదయాన్ని తలచుకుంటూ తలచుకుంటూ, తనకు అనువైన రూపానికి తెచ్చుకున్నాడు. బూటు తాడు ప్రసక్తి లేని రూపమది. కామేశ్వరం మాత్రం తల వంచుకుని పళ్లెంలో పల్లీలు ఏరుకున్నాడు. మూతకు మహత్తు లేదని రుజువు చేయగలిగినవాడు ఆ గదిలో ఆయనొక్కడే. కాని తాతబాబు పేరు ఎత్తితే గ్యాసు మాట కూడా ఎత్తాలి. శాస్త్రజ్ఞుడైనా మనిషే గదా, పల్లీలు తిన్నాడు.

ఇప్పుడు నేను క్లబ్బు హాలులో, వెండి కప్పుల మధ్య, గాజు పెట్టెలో ఉన్నాను. కింద ఒక చీటీ: 'ప్రాణం కాపాడిన మూత'. కొత్త సభ్యులు ఆట ముందు గాజును ముట్టుకుని వెళతారు. వాళ్ల వేలిముద్రలతో గాజు మసకబారింది. క్యాడీలకు ఈ హాలులోకి ప్రవేశం లేదు. ఒకసారి తాతబాబు గుమ్మం దగ్గర నిలబడి మెడ సాచి చూశాడు. ఎండ గాజు మీద పడి నేను అతనికి కనిపించి ఉండను. లోపల చీటీ ఉందని ఎవరో చెబితే, "మంచిదే" అని వెళ్లిపోయాడు.

నేను అలసిపోయాను. ఒక మూత నోరు మూయడానికే పుట్టింది, కనుక ఈ చీటీని సవరించమని అడగలేను.

అయితే నా పెట్టెకు ఎదురుగా ఒక కిటికీ ఉంది. అందులోంచి ఏడో గుంత మెట్ట కనిపిస్తుంది. ఈ ఆదివారం నాయుడు దిగువ నుంచి గట్టిగా కొట్టాడు. బంతి ఎండలోకి లేచి తుప్పల వైపు వంగింది. తాతబాబు కళ్లు బంతి మీద లేవు, కొట్టిన మనిషి మీద ఉన్నాయి. ఆయన మెల్లగా మెట్ట ఎక్కాడు. మూడడుగుల వెనుక తాతబాబు బండి తోసుకుంటూ ఎక్కాడు, చూపు ముందు నడిచే వీపు మీదినుంచి తిప్పకుండా. పైకి చేరాక ఇద్దరూ నిలబడి చుట్టూ చూశారు. బంతి ఎటు వెళ్లిందో ఇద్దరికీ తెలియదు. తుప్పల్లో చాలాసేపు వెతికారు.